ఎంఎక్స్-5లో 1.6 తీసి 1.8: ఇంటి షెడ్డులో ఇంజను మార్పిడి డైరీ

ఏ ఇంజను, ఎందుకు

కారు 1990 నాటి మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. ఇదే కారును జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో, అమెరికాలో మియాటా పేరుతో అమ్మారు. మొదట్లో ఇందులో వచ్చింది 1.6 లీటర్ల బీ6 ఇంజను: బోరు (సిలిండరు వ్యాసం) 78 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 83.6 మి.మీ., మొత్తం 1597 సీసీ. 1994 మోడలు నుంచి మాజ్డా దాని స్థానంలో 1.8 లీటర్ల బీపీ పెట్టింది: బోరు 83, స్ట్రోకు 85, మొత్తం 1839 సీసీ. ఆ మార్పే ఇక్కడ పాత బాడీలో చేస్తున్నాం.

పాత ఇంజను దించడానికి కారణం దాని క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్టు) ముక్కు. 1991 నడిమి దాకా వచ్చిన బీ6 ఇంజన్లలో క్రాంకు ముందు కొస పొట్టిగా ఉంటుంది. టైమింగ్ పుల్లీని కదలకుండా పట్టే కీ అనే చిన్న లోహపు ముక్కకు అక్కడ ఆనుకునే చోటు తక్కువ. బోల్టు కొంచెం వదులుగా ఉండగా బండి నడిచిందంటే కీ గాడి అరిగిపోతుంది, పుల్లీ ఊగుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే క్షణం) నిలకడగా ఉండదు. గుర్తుపట్టడం తేలిక: ముందు పుల్లీ ముఖం మీద నాలుగు గాడులుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. ఈ కారులో నాలుగే. బోల్టు విప్పి చూస్తే గాడి ఒక అంచు అప్పటికే గుండ్రబడింది. క్రాంకు మార్చాలంటే ఇంజను మొత్తం విప్పాలి. అంత పని చేసి మళ్లీ 1.6 దగ్గరే ఆగడం దండగ. ఎంఎక్స్-5కు వచ్చిన బీపీ ఇంజన్లన్నీ పొడుగు ముక్కువే.

ఈ బోనెట్ కింద వీ8 పట్టించినవాళ్లూ ఉన్నారు. దానికి సబ్‌ఫ్రేము (ఇంజనును మోసే ఫ్రేము), గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు తిప్పుడు పంచే గేర్ల పెట్టె) అన్నీ కొత్తగా కట్టుకోవాలి. బీపీ మాత్రం బీ6కు తోబుట్టువు. బెల్‌హౌసింగ్ (ఇంజనుకు తగిలే గేర్‌బాక్స్ ముందు భాగం) బోల్టులు అదే చోట పడతాయి, సబ్‌ఫ్రేము మీద మౌంట్లూ అవే, చాసిస్ మీద వెల్డింగ్ ఎక్కడా అక్కర్లేదు. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇంతకన్నా తిన్నని దారి లేదని మా అభిప్రాయం.

ముందే చేతిలో ఉండాల్సినవి

ఒట్టి ఇంజను కొంటే సగం పని మళ్లీ మొదటికి వస్తుంది. బీపీ హెడ్ పోర్టులు, స్టడ్ల అమరిక బీ6కు వేరు, కాబట్టి 1.6 ఇన్‌టేక్ మానిఫోల్డు (గాలి తెచ్చే గొట్టాల గుత్తి) గానీ ఎగ్జాస్ట్ మానిఫోల్డు (పొగ బయటికి పంపేది) గానీ దీనికి పట్టవు. అందుకే 1994-97 నాటి కారు నుంచి ఇంజనుతో పాటు రెండు మానిఫోల్డులు, డౌన్‌పైపు, థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్ల రైలు, ఫ్లైవీల్ కలిపి తీసుకున్నాం. క్లచ్ కొత్తది, 215 మి.మీ.; 1.6ది 200 మి.మీ. మాత్రమే. క్లచ్ ప్లేటు స్ప్లైన్లు 1.6 గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టుకు సరిగ్గా సరిపోతాయి, గేర్‌బాక్స్ మార్చక్కర్లేదు.

డిఫరెన్షియల్‌ను మాత్రం వదలకూడదు. 1.6 కార్లకు వచ్చిన 6 అంగుళాల డిఫ్ ఆ ఇంజనుకే అంతంత మాత్రం. 1.8 టార్కు (తిప్పే బలం) మీద గట్టిగా క్లచ్ వదిలితే అదే ముందు పోతుంది. 1.8కు వచ్చే 7 అంగుళాల డిఫ్ తెస్తే ప్రొపెల్లర్ షాఫ్టు, రెండు పక్కల హాఫ్ షాఫ్టులు కూడా 1.8వే తేవాలి, ఎందుకంటే వెనక ఫ్లాంజి కొలత వేరు. ఇవి విడిగా వెతకడం కన్నా ఒకే కారు నుంచి సెట్టుగా తీసుకోవడం మేలు.

ఇంజను సామర్థ్యం, నంబరు మారినప్పుడు బండి కాగితాల్లో మార్పించాలన్న నియమం ఉన్నచోట ఆ పని ఇంజను కొన్న రశీదుతోనే మొదలవుతుంది. రశీదు మీద ఇంజను నంబరు రాయించుకోవాలి.

పాతది దించడం

కారు నాలుగు మూలలా స్టాండ్ల మీదికి ఎక్కింది. ముందు పెట్రోలు పంపు రిలే ప్లగ్గు పీకి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపితే లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. పెట్రోలు పంపు రిలే ప్లగ్గు పీకి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపితే లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. ఏసీ కంప్రెసర్‌ను, పవర్ స్టీరింగు పంపును పైపులు విప్పకుండానే ఊడదీసి పక్కకు తాడుతో కట్టేశాం. గ్యాస్ వదలాల్సిన అవసరం, ఆయిలు కారే గొడవ రెండూ ఉండవు. క్లచ్ స్లేవ్ సిలిండరు రెండు బోల్టులు తీస్తే పైపుతో సహా పక్కకు వస్తుంది. ఆ తర్వాత పొరపాటున కూడా క్లచ్ పెడల్ తొక్కకూడదు, లోపలి పిస్టన్ బయటికి దూకుతుంది.

గేర్ లివరు కారు లోపలి నుంచి మూడు బోల్టులతో వస్తుంది. దాని గిన్నెలో గేర్‌బాక్స్‌తో సంబంధం లేని కొంచెం ఆయిలు విడిగా ఉంటుంది. చాలా కార్లలో కింది రబ్బరు బూటు చిరిగి ఆ గిన్నె ఎండిపోయి ఉంటుంది, గేరు గరగరలాడటానికి అదో కారణం.

ఈ కారులో గేర్‌బాక్స్ తోకను, డిఫ్ ముక్కును కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఉంటుంది, దాన్ని పీపీఎఫ్ అంటారు. గేర్‌బాక్స్‌కు వెనక క్రాస్‌మెంబరు లేదు, దాని బరువు మోసేది ఇదే. విప్పే ముందు రెండు పనులు తప్పనిసరి. మొదటిది, గేర్‌బాక్స్ తోక కింద ఒక జాకీ, డిఫ్ కింద ఇంకొకటి పెట్టాలి. రెండోది, ఫ్లోరు కింది రెండు పట్టీలకు అడ్డంగా తిన్నని బద్ద ఆనించి, అక్కడి నుంచి పీపీఎఫ్ అడుగు దాకా ఎత్తు కొలిచి రాసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ కొలతే ప్రొపెల్లర్ షాఫ్టు కోణాన్ని నిర్ణయిస్తుంది. కొలత తప్పితే బండి వేగమందుకున్నాక అడుగు నుంచి వణుకు వస్తుంది, టైర్లు బ్యాలెన్సు చేయించినా పోదు.

ఇంజను, గేర్‌బాక్స్ కలిపే పైకి తీశాం. లోపలే విడదీయొచ్చు గానీ బెల్‌హౌసింగ్ పై బోల్టులు ఫైర్‌వాల్‌కు ఆనుకుని ఉంటాయి, చేయి దూరదు. క్రేను హుక్కుకు లెవలర్ తగిలిస్తే తోకను కిందికి వాల్చి ముక్కును పైకెత్తడం సులువు. తోక వాలేముందు గేర్‌బాక్స్ ఆయిలు దించేయాలి, లేకపోతే వెనక సీలు దగ్గర నుంచి నేలంతా ఆయిలే. క్రేను చేయి పూర్తిగా సాచినప్పుడు అది మోయగల బరువు బాగా తగ్గుతుంది, చేయి మీద ఆ స్థానానికి రాసిన అంకె చూసుకోవాలి.

స్టాండు మీద బీపీ

ఈ ప్రాజెక్టులో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. స్టాండు మీద చటుక్కున అయిపోయే పని, ఇంజను లోపల కూర్చున్నాక మళ్లీ సగం బండి విప్పిస్తుంది.

ముందు కంప్రెషన్. స్టార్టరు బిగించి, నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తిప్పితే 12.1, 12.3, 11.8, 12.2 బార్ వచ్చాయి. బీపీకి 12 బార్ చుట్టూ ఉంటే ఆరోగ్యమే. సిలిండర్ల మధ్య తేడా 2 బార్ దాటితే హెడ్ విప్పాల్సిందే.

తర్వాత హైడ్రాలిక్ లిఫ్టర్లు, అంటే క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీని ఆయిలు ఒత్తిడితో పూడ్చే ముక్కలు. ఈ ఏళ్ల బీపీ ఇంజన్లు టకటక చప్పుడు చేస్తాయని పేరు. క్యామ్ కవరు తీసి, క్యామ్ ముక్కు పైకి తిరిగి ఉన్న లిఫ్టరు మీద మొద్దు చెక్క ముక్కతో గట్టిగా నొక్కాలి. రాయిలా నిలబడితే మంచిది, మెత్తగా లోపలికి దిగితే అందులో గాలి చేరింది లేదా లోపలి వాల్వు అరిగింది. పదహారులో మూడు మెత్తగా దిగాయి, మూడూ ఎగ్జాస్ట్ వైపే. క్యామ్ తీసి ఆ మూడింటినీ కొత్తవి వేశాం. వేసే ముందు శుభ్రమైన ఆయిల్లో ముంచి, గాలి బుడగలు ఆగేదాకా నొక్కుతూ వదులుతూ నింపాలి.

టైమింగ్ బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, వాటర్ పంపు, ముందు క్రాంకు సీలు, రెండు క్యామ్ సీళ్లు, వెనక క్రాంకు సీలు అన్నీ మార్చాం. క్యామ్ పుల్లీల మీద ఐ (I), ఈ (E) గుర్తులుంటాయి. బెల్టు ఎక్కించాక ఆ రెండింటి మధ్య బెల్టు పళ్లు 19 ఉండాలి. ఇరవయ్యో పద్దెనిమిదో వచ్చాయంటే ఒక క్యామ్ ఒక పన్ను జారింది. టెన్షనరు బోల్టు వదులుగా ఉంచి క్రాంకును సవ్యదిశలో ఒక పూర్తి చుట్టు, ఆపై చుట్టులో ఆరింట అయిదు వంతులు తిప్పి, స్ప్రింగు తానే బెల్టును లాగాక బోల్టు బిగించాలి. చేత్తో నెట్టి బిగించకూడదు. మరో రెండు చుట్లు, ఆపై ఆరో వంతు చుట్టు తిప్పి, రెండు క్యామ్ పుల్లీల మధ్య బెల్టును సుమారు 10 కిలోల బలంతో నొక్కితే 9 నుంచి 11.5 మి.మీ. దిగాలి. 10 మి.మీ. దిగింది. క్రాంకు బోల్టు 157-166 న్యూటన్ మీటర్లు. పాత ఇంజను చచ్చింది ఈ చోటే కాబట్టి టార్క్ రెంచి లేకుండా దీని జోలికి పోవద్దు.

క్యామ్ యాంగిల్ సెన్సరు హెడ్ వెనక ఉంటుంది. దాని ఓ-రింగు గట్టిపడి ఆయిలు కారడం ఈ కార్లన్నిటికీ ఉన్న జబ్బు. కారిన ఆయిలు సరిగ్గా కింద ఉన్న హీటరు హోసుల మీద పడి వాటిని ఉబ్బిస్తుంది. బండిలో ఉండగా అక్కడికి అద్దం, టార్చి లేకుండా చేరలేం. స్టాండు మీద ఒకే ఒక్క 12 మి.మీ. బోల్టు తీస్తే చాలు. ఓ-రింగు మార్చి, హీటరు హోసులూ కొత్తవి వేశాం.

ఇంకో చిన్న విషయం. 1995 నుంచి ఆయిల్ ప్రెషర్ మీటరు నిజమైన ప్రెషర్ చూపదు, ముల్లు ఒకే చోట నిలబడుతుంది. 1990 డాష్‌బోర్డు మీటరుకు పాత ఇంజను సెండరే కావాలి. అది విప్పి కొత్త బ్లాకుకు మార్చాం.

నీళ్ల దారి మార్పు

ఈ ఇంజను కుటుంబం పుట్టింది ముందు చక్రాల డ్రైవు కార్ల కోసం. వాటిలో నీళ్లు బ్లాకు ముందు నుంచి లోపలికొచ్చి, నాలుగు సిలిండర్లనూ దాటి, హెడ్ వెనక నుంచి రేడియేటరుకు పోతాయి. ఎంఎక్స్-5లో ఇంజనును కారు పొడవు వెంట తిప్పి పెట్టినప్పుడు వెనక ఫైర్‌వాల్ అడ్డొచ్చి, థర్మోస్టాట్‌ను హెడ్ ముందుకు తెచ్చారు. దాంతో నీళ్లు ముందే లోపలికొచ్చి ముందే బయటికి పోతున్నాయి. వెనకున్న నాలుగో సిలిండరు దాకా చేరేది హీటరు వైపు వెళ్లే కొద్దిపాటి నీళ్లే. రోజువారీ నడకకు ఇది చాలు. ఎక్కువసేపు గట్టిగా తొక్కే కారుకు చాలదు.

ఇంజను బయట ఉండగానే థర్మోస్టాట్ హౌసింగును వెనక్కి మార్చాం. ముందు నోటికి మూత, హెడ్ వెనక స్పేసరు, దానికి థర్మోస్టాట్, అక్కడి నుంచి ఎగ్జాస్ట్ పక్కగా రేడియేటరు పై గొట్టం దాకా పొడవాటి హోసు. హోసు మానిఫోల్డుకు దగ్గరగా పోయే చోట వేడి తట్టుకునే తొడుగు వేయాలి. థర్మోస్టాట్‌లో చిన్న గాలి రంధ్రం లేకపోతే 3 మి.మీ. రంధ్రం ఒకటి పెట్టి, దాన్ని పై వైపుకు తిప్పి బిగించాలి. లేకపోతే కొత్త దారిలో గాలి బుడగ అక్కడే ఇరుక్కుంటుంది.

కలిపి దించడం, వెనక భాగం

ఫ్లైవీల్ ముఖాన్ని లేత్ మీద చదును చేయించి తెచ్చాం. పైలట్ బేరింగు ఫ్లైవీల్ మధ్యలోనే ఉంటుంది, కొత్తది నొక్కించాం. ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు క్రాంకు లోపలి ఆయిలు దాకా పోతాయి, మరలకు సీలెంటు రాయకపోతే ఆయిలు క్లచ్ మీదికి వస్తుంది. 96-103 న్యూటన్ మీటర్లకు, ఎదురెదురుగా బిగించాలి. ప్రెషర్ ప్లేటు బోల్టులకు 18-26 చాలు.

ఇంజను దిగాక మౌంట్లు తేలిగ్గా తగిలించి, పీపీఎఫ్ ఎక్కించి, మొదట కొలిచిన ఎత్తుకు గేర్‌బాక్స్ తోకను జాకీతో తెచ్చి, అప్పుడు పీపీఎఫ్ బోల్టులు 104-123 న్యూటన్ మీటర్లకు బిగించాం. మౌంట్ల ఆఖరి బిగింపు ఆ తర్వాతే. డిఫ్ మార్పులో చెప్పుకోదగ్గ చిక్కేమీ లేదు. గేర్‌బాక్స్‌లో 75డబ్ల్యూ-90 జీఎల్-4 రెండు లీటర్లు, డిఫ్‌లో 90 నంబరు జీఎల్-5 ఒక లీటరు పట్టాయి.

వైరింగ్, ఈసీయూ

1.6 వైరింగును అలాగే ఉంచాం. ఈసీయూ అంటే పెట్రోలును, స్పార్కును నియంత్రించే కంప్యూటరు. 1.6 ఈసీయూతో బీపీని నడపొచ్చు, స్టార్టు అవుతుంది, తిరుగుతుంది కూడా. కానీ 1.6 గాలి మీటరు రెక్క రకం. గాలి తోసేకొద్దీ రెక్క తెరుచుకుంటుంది, పూర్తిగా తెరుచుకున్నాక ఇంకెంత గాలి వచ్చినా ఈసీయూకి తెలియదు. 1.6 మీదే ఆ హద్దు రెడ్‌లైనుకు చాలా ముందు వస్తుంది, 1.8 మీద ఇంకా ముందే వస్తుంది. అందుకే రెక్క మీటరు తీసేసి, మానిఫోల్డు ప్రెషర్ సెన్సరుతో నడిచే, మనమే ట్యూన్ చేసుకోగల మెగాస్క్విర్ట్ రకం ఈసీయూ పెట్టాం.

రెక్క మీటరు తీసేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. దాని డబ్బాలోనే గాలి ఉష్ణోగ్రత సెన్సరు ఉంటుంది, కాబట్టి ఇన్‌టేక్ పైపులో విడిగా ఒకటి పెట్టాలి. రెండోది పెట్రోలు పంపు. తాళం స్టార్టు దగ్గర ఉన్నంతసేపు స్టార్టరు కరెంటుతోనే పంపు రిలే మూసుకుంటుంది. తాళం వదిలాక ఆ రిలేను పట్టి ఉంచేది రెక్క మీటరులోని చిన్న స్విచ్. గాలి పీలుస్తున్నంతసేపు రెక్క తెరిచి ఉంటుంది, పంపు తిరుగుతుంది, ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. మీటరు తీసేస్తే ఇంజను చక్కగా అంటుకుని, తాళం వదలగానే రెండు సెకన్లలో చస్తుంది. స్పార్కు చూసి, ఇంజెక్టర్లు చూసి, ఎక్కడా తప్పు దొరక్క తల పట్టుకునే చోటు ఇదే. పాత మీటరు ప్లగ్గులో రిలే వైపు పోయే వైరును కొత్త ఈసీయూ పంపు అవుట్‌పుట్‌కు కలిపితే, ఆ వైరును ఎర్తు చేసే పని ఈసీయూ చేస్తుంది. కొందరు ఆ వైరును నేరుగా బాడీకి ఎర్తు చేసి ఊరుకుంటారు. అది చేయకండి: ప్రమాదంలో ఇంజను ఆగినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

థ్రాటిల్ సెన్సరు ఏ రకమో మల్టీమీటరుతో చూడాలి. పెడల్ మెల్లగా తొక్కుతుంటే ఓమ్‌లు నిదానంగా మారితే పనికొస్తుంది. ఒకే దెబ్బకు తెగి కలిస్తే అది ఒట్టి స్విచ్, కొత్త ఈసీయూకి చాలదు.

పాత ఆక్సిజన్ సెన్సరు బదులు వైడ్‌బ్యాండ్ (గాలి-పెట్రోలు నిష్పత్తిని అంకెలో చూపే సెన్సరు) పెట్టాం. డౌన్‌పైపుకు నట్టు వెల్డు చేసేటప్పుడు సెన్సరు మొన కిందికి చూసేలా, అడ్డంగీత కన్నా కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలి. లేకపోతే చల్లటి స్టార్టులో చేరే నీటిచుక్క లోపలి పింగాణీని పగలగొడుతుంది.

మొదటి స్టార్టు

స్పార్కు ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ల వైరు ప్లగ్గులు కూడా పీకి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టరు తిప్పాం, పది సెకన్లు తిప్పి అర నిమిషం ఆపుతూ. ఆ తర్వాత పెట్రోలు ఆన్ చేసి ముందు లీకులు చూశాం. ఫిల్టరు దగ్గరి హోసు క్లిప్పు ఒకటి చెమర్చింది, దాన్ని మార్చాకే స్టార్టు.

ఈసీయూలో టైమింగును 10 డిగ్రీల దగ్గర కట్టేసి, టైమింగ్ లైటుతో పుల్లీ మీద చూశాం. లైటు 14 చూపింది. అంటే ఈసీయూ 10 అనుకుంటుంటే ఇంజనుకు అందుతున్నది 14. ఈ తేడా సరిచేయకుండా ట్యూనింగ్ మొదలుపెడితే మ్యాపులో (ఈసీయూ టైమింగ్ పట్టికలో) ఉన్న ప్రతి అంకెకూ నాలుగు డిగ్రీలు కలుస్తాయి, గట్టిగా తొక్కినప్పుడు నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తుంది. క్యామ్ సెన్సరును కొంచెం తిప్పి రెండింటినీ 10 దగ్గర కలిపాం.

కారు ముందు వైపు ఎత్తి, రేడియేటరు మూత తీసి వేడెక్కనిచ్చాం. గాలి పోయేకొద్దీ నీళ్లు పోస్తూ ఉండాలి. వేడెక్కాక 1000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ 2.4 బార్, 3000 దగ్గర 3.6. లిఫ్టర్లు మొదటి కొన్ని నిమిషాలు టకటకలాడి మాట్లాడటం మానేశాయి.

ట్యూనింగ్, ఇంకా మిగిలింది

ఐడిలు 850 ఆర్‌పీఎం, గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7. పూర్తి థ్రాటిల్‌లో 12.6-12.8 దగ్గర ఉంచాం. ముందు పెట్రోలు పట్టిక సరిచేసి, ఆ తర్వాతే ఇగ్నిషన్‌ను ఒక్కో డిగ్రీ ముందుకు జరపాలి. రెండూ ఒకేసారి కదిపితే ఏది ఏం చేసిందో తెలియదు. 3000 లోపు లాగుడులో తేడా స్పష్టంగా ఉంది, మూడో గేరులో మలుపు నుంచి బయటికి రావడానికి ఇక రెండో గేరు వెతుక్కోనక్కర్లేదు.

బ్రేకులు తర్వాతి విడతలో. 1.6 ముందు డిస్కు 235 మి.మీ., వెనకది 231. 1.8కు 255, 251. 1.6 క్యాలిపర్లు అలాగే ఉంచి, 1.8 డిస్కులు, క్యాలిపర్ బ్రాకెట్లు వేస్తే సరిపోతుంది. బండి పరుగు పెరిగాక దీన్ని ఎక్కువ కాలం వాయిదా వేయడం సరికాదు.

వెంటనే చేయాల్సింది స్పీడోమీటరు. పాత డిఫ్ నిష్పత్తి 4.3, కొత్తది 4.1. స్పీడో కేబుల్ తిరిగేది గేర్‌బాక్స్ తోక నుంచి, అంటే డిఫ్‌కు ముందు. అదే వేగానికి షాఫ్టు ఇప్పుడు దాదాపు 5 శాతం తక్కువ తిరుగుతుంది కాబట్టి మీటరు 95 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 100 దగ్గర ఉంటుంది. జీపీఎస్‌తో పోల్చి చూస్తే లెక్క అలాగే వచ్చింది. గేర్‌బాక్స్ పక్కన కేబుల్ దిగే చోట ఒకే బోల్టుతో బయటికొచ్చే చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది. 4.1 డిఫ్ కార్లకు వచ్చే గేరు తెప్పించి, దాని ఓ-రింగుతో సహా మార్చేదాకా మీటరు పక్కన ఆ తేడా రాసిన కాగితం అంటించి ఉంచుతున్నాం.